కొలను నుంచి బసిలికా దాకా: వేళాంగణిలో మా మొక్కు తీర్చుకున్న తీరు

తమిళనాడు తీరంలోని మరియమాత పుణ్యక్షేత్రం వేళాంగణికి వెళ్లే తెలుగువారిలో చాలామంది రైలో బస్సో దిగగానే నేరుగా బసిలికాకు (అక్కడి ప్రధాన గుడికి) వెళ్లి, మాత దర్శనం చేసుకుని, కొవ్వొత్తి వెలిగించి, సముద్రస్నానం ముగించుకుని సాయంత్రానికల్లా నాగూరుకో తంజావూరుకో బయలుదేరిపోతారు. మేము బయలుదేరే ముందు ఆశీర్వాదం కోసం మా విచారణ గురువు (మా గుడి గురువు) దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన మాకు వేరే మాట చెప్పారు. "మాత మొదట కనిపించింది కొలను దగ్గర, తర్వాత మజ్జిగ అమ్మే పిల్లవాడికి. ఓడవాళ్లు వచ్చి గుడి కట్టింది ఆ తర్వాతే. మీరూ ఆ వరుసలోనే నడవండి, బసిలికాను చివరకు ఉంచుకోండి" అన్నారు. ఆ సలహా పాటించడం వల్ల మా యాత్ర ఎలా సాగిందో, వెళ్లాలనుకునే వారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొక్కు అమ్మది. నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడినప్పుడు, ఆయన మళ్లీ తన కాళ్ల మీద నిలబడితే వేళాంగణి వచ్చి మోకాళ్ల మీద నడుస్తానని అమ్మ అక్కడి మరియమాతకు, అంటే ఆరోగ్యమాతకు, మొక్కుకుంది. నెలల తరబడి వ్యాయామ చికిత్స జరిగింది. మొదట మంచం మీద లేచి కూర్చున్నారు, తర్వాత గోడ పట్టుకున్నారు, ఆ తర్వాత చేతికర్రతో వీధి చివరిదాకా నడిచారు. చికిత్స చేసినవారికి అమ్మ ఎంత కృతజ్ఞత చూపిందో మాతకూ అంతే చూపింది. ఎవరి వల్ల నయమైందన్న ప్రశ్న ఆమెకు ఎన్నడూ రాలేదు, నాకూ రాలేదు. మా పక్కింటి పిన్నిగారు హిందువులు. తన మనవడి తలనీలాలు వేళాంగణిలోనే ఇస్తానని ఆమె కూడా మొక్కుకున్నారు. అందువల్ల రెండు కుటుంబాలూ కలిసి బయలుదేరాం.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తెనాలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై చేరవచ్చు. అక్కడి నుంచి రాత్రిపూట కారైక్కాల్ వైపు వెళ్లే రైలెక్కితే తెల్లవారేసరికి నాగపట్టణంలో దిగుతాం. నాగపట్టణం నుంచి వేళాంగణి పది పన్నెండు కిలోమీటర్ల దూరం ఉంటుంది. బస్సులు తరచుగా ఉంటాయి, ఆటోలు కూడా దొరుకుతాయి. 2010 నుంచి వేళాంగణికే రైలు మార్గం కూడా ఉంది, పండుగ రోజుల్లో మన ప్రాంతాల నుంచి ప్రత్యేక రైళ్లు నేరుగా అక్కడిదాకా నడుపుతారు. అయితే ఆ రైళ్లలో చోటు దొరకడం కష్టం కాబట్టి ముందుగానే టికెట్లు తీసుకోవాలి. బసకు పుణ్యక్షేత్రం వారి గదులు ఉన్నాయి. వాటిని ముందుగా కోరి ఉంచుకోవడం మంచిది, ముఖ్యంగా మాలాగా నడవలేని పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లేవారు కింది అంతస్తులోనే గది కావాలని అడగాలి.

ఏటా ఆగస్టు 29 సాయంత్రం జెండా ఎగురవేయడంతో పండుగ మొదలై, సెప్టెంబరు 8న మరియమాత జన్మదిన మహోత్సవంతో ముగుస్తుంది. మేము జెండా ఎత్తిన తర్వాతి తొలి రోజుల్లో వెళ్లాం. నాగపట్టణం నుంచి వెళ్లే దారంతా కాషాయ బట్టలు కట్టుకున్న భక్తులు గుంపులు గుంపులుగా నడుస్తూ కనిపించారు. కొందరు చిన్న బండి మీద మాత స్వరూపాన్ని అలంకరించి లాక్కుంటూ వెళుతున్నారు. చెన్నై నుంచి, అంటే 300 కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి, కాలినడకన వచ్చేవారు వారిలో ఎందరో ఉంటారు. అరికాళ్లకు గుడ్డలు చుట్టుకుని, "మరియే వాళ్గ" (మరియమ్మకు జయము) అని తమిళంలో పెద్దగా నినదిస్తూ సాగుతున్న ఒక గుంపు మా ఆటోను దాటనిచ్చి చేతులూపింది. నాన్నగారు కర్రను ఒడిలో పెట్టుకుని వారికి రెండు చేతులూ జోడించారు. కుడిచెయ్యి పూర్తిగా పైకి లేవదు, అయినా లేచినంత మేర ఎత్తారు.

స్నానాలు ముగించుకుని, ఎండ ముదరకముందే కొలనుకు బయలుదేరాం. అక్కడివారు దానిని మాతాకుళం అంటారు. బసిలికాకు పడమర దిక్కున, కిలోమీటరు లోపు దూరంలో ఉంటుంది. పదహారవ శతాబ్దంలో ఒక పశువుల కాపరి కుర్రవాడు నాగపట్టణంలో ఉన్న తన యజమానికి పాలు మోసుకుపోతూ, ఎండకు తాళలేక ఈ కొలను గట్టున మర్రిచెట్టు నీడలో విశ్రమించాడట. బిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి అక్కడ కనిపించి, బిడ్డ కోసం కొంచెం పాలు అడిగిందట. ఆలస్యమైనందుకు, పాలు తగ్గినందుకు భయపడుతూ యజమాని ఇంటికి వెళ్లిన కుర్రవాడు మూత తీసి చూసేసరికి కుండ నిండా పాలు పొంగి పొర్లుతున్నాయట. ఇది పారంపర్యంగా వస్తున్న కథ, రాతలో నమోదైన చరిత్ర కాదు. ఆ సంగతి క్షేత్రం వారు కూడా దాచరు. కానీ ఆ కథలో నన్ను పట్టి నిలిపినది పాలు పొంగడం కాదు. దేవమాత అడగడానికి ఎంచుకున్నది కూలికి పాలు మోసే పిల్లవాడిని, అడిగినది ఒక గుక్కెడు పాలు. ఇవ్వడానికి తనదంటూ ఏమీ లేనివాడిని ఆమె దాతను చేసింది.

ఇప్పుడు ఆ చోట చిన్న గుడి ఉంది. భక్తులు కొలను నీటిని తీర్థంగా తాగుతారు, సీసాల్లో నింపుకుని ఇళ్లకు తెచ్చుకుంటారు. మేము వెళ్లేసరికి పొద్దున్నే అయినా వరుస ఉంది. పిన్నిగారు మనవడి నోట్లో కాసిని నీళ్లు పోసి, తల తడిపి, "తల్లీ, నీ బిడ్డలాగే చూసుకో" అన్నారు. అమ్మ నాన్నగారి కుడి భుజానికి, మోకాలికి ఆ నీటిని రాసింది. ఆ తర్వాత అక్కడే ఒక పక్కగా కూర్చుని సంతోష దేవరహస్యాలతో (యేసు పుట్టుక, బాల్యపు ఘట్టాలను తలచుకుంటూ) జపమాల చెప్పుకున్నాం. జపమాలలో పదేపదే చెప్పే మంగళవార్త జపం పిన్నిగారికి రాదు. అమ్మ "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అన్నప్పుడల్లా ఆమె కళ్లు మూసుకుని "వందనము" అన్న ఒక్క మాటను కలిపేవారు. ఆ జపమాల మామూలుగా మా ఇంట్లో చెప్పే దానికన్నా నెమ్మదిగా సాగింది.

కొలనుకూ బసిలికా పరిసరాలకూ మధ్య ఉన్న దారినే పవిత్ర మార్గం అంటారు. దారి పొడవునా సిలువ మార్గపు స్థలాలు (యేసు సిలువ మోసిన దారిలోని ఘట్టాలు), జపమాల దేవరహస్యాలు స్వరూపాలుగా నిలిపి ఉంటాయి. మోకాళ్ల మీద నడిచేవారి కోసం ఇసుక పరిచిన బాట ప్రత్యేకంగా ఉంది. కొందరు బసిలికా వైపు నుంచి కొలనుకు వస్తారు. మేము గురువుగారి మాట ప్రకారం కొలను నుంచి బసిలికా వైపు వెళ్లాం. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోసి బిగించి, మోకాళ్ల కింద ఏమీ కట్టుకోకుండా ఇసుకలో దిగింది. తువ్వాలు చుట్టుకొమ్మని నేను ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. "మొక్కుకున్నప్పుడు తువ్వాలు మాట చెప్పలేదమ్మా" అంది.

ఇసుక మెత్తగా ఉంటుందని చూసేవారికి అనిపిస్తుంది. వందల మోకాళ్లు పడి గట్టిపడిన చోట్ల అది గరుకు నేలకన్నా ఎక్కువ గీసుకుంటుంది, వదులుగా ఉన్నచోట మోకాలు కూరుకుపోయి, మళ్లీ లాక్కోవడానికి నడుము మీద బలం పడుతుంది. అమ్మ ఒక మోకాలు ముందుకు జరిపి, రెండు చేతులూ నేల మీద ఆనించి, రెండోది లాక్కుని, ఒక మంగళవార్త జపం పూర్తయ్యేదాకా ఆగి, మళ్లీ కదిలేది. చెమటకు ఇసుక రేణువులు మోచేతుల దాకా అంటుకున్నాయి. కొంతదూరం పోయాక మోకాలి చిప్ప పక్కన చర్మం లేచి, ఇసుక ఎర్రబడింది. ముందు వెళుతున్న ఒక తమిళ యువతి వెనక్కి తిరిగి చూసి, తన సీసాలోని నీళ్లు అమ్మ చేతికిచ్చి, భాష రాకపోయినా భుజం తట్టి సాగిపోయింది. నాన్నగారు పక్కనున్న బాట మీద కర్రతో నడుస్తూ, అమ్మ ఆగినప్పుడల్లా ఆగారు. వారిద్దరి వేగం ఒక్కటే కావడం నాకు అప్పుడు అర్థమైంది. మంచి కాళ్లున్న మనిషి తనంతట తానుగా నడకను వదులుకుని, నడక కష్టమైన మనిషి వేగానికి దిగి వచ్చింది. మోకాళ్ల మొక్కును చాలామంది దేహాన్ని హింసించుకోవడంగా విమర్శిస్తారు, శ్రీసభలో (కతోలిక సంఘంలో) కూడా కొందరు ప్రోత్సహించరు. వారి ఆందోళన న్యాయమైనదే. మధుమేహం ఉన్నవారు, కీళ్లనొప్పులు ఉన్నవారు దీనికి దిగకూడదని నేనూ అంటాను. కానీ ఆ ఉదయం నా కళ్ల ముందు జరిగినది హింస కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

దారిలో వచ్చేది నడుతిట్టు అనే చోటు. రెండవ కథ ఇక్కడిది. ఒక పేద వితంతువు కొడుకు, కుంటివాడు, మర్రిచెట్టు కింద కూర్చుని దారిన పోయేవారికి మజ్జిగ అమ్ముకునేవాడట. బిడ్డతో వచ్చిన తల్లి మజ్జిగ అడిగి, బిడ్డకు తాగించి, నాగపట్టణంలో ఉన్న ఒక కతోలిక పెద్దమనిషి దగ్గరకు వెళ్లి ఇక్కడ గుడి కట్టించమని చెప్పమందట. కుర్రవాడు లేచి పరుగెత్తాడు, పరుగెత్తుతున్నానన్న సంగతి తర్వాత గాని అతనికి తెలియలేదట. ఆ పెద్దమనిషి పూరిపాకతో చిన్న గుడి కట్టించాడు, అప్పటి నుంచే ఇక్కడి మాతను ఆరోగ్యమాత అని కొలవడం మొదలైందని చెబుతారు.

మా యాత్రలో ఎక్కువసేపు ఆగినది ఇక్కడే. నాన్నగారు అక్కడి చిన్న గుడి లోపల గోడవారగా కూర్చుని, కర్రను కాళ్ల పక్కన పడుకోబెట్టి, చాలాసేపు లేవలేదు. ఆయన మామూలుగా పైకి ప్రార్థించే మనిషి కాదు. ఆదివారం పూజలో కూడా వెనక వరుసలో కూర్చుని పెదవులు కదిలిస్తారంతే. ఆ రోజు మాత్రం నన్ను దగ్గరకు పిలిచి, "ఆ పిల్లవాడు పరుగెత్తినట్టు నేను పరుగెత్తలేను. అయినా చెప్పమన్న మాట చెప్పడానికి పరుగే అక్కరలేదు కదా" అన్నారు. పక్షవాతం వచ్చాక మాట కూడా కొంచెం ముద్దగా వస్తుంది, అందుకని నలుగురిలో మాట్లాడటం తగ్గించేశారు. ఊరికి తిరిగి వచ్చాక మా గుడిలో పూజలో బైబిలు మొదటి పఠనం చదవడానికి తన పేరు ఇమ్మని ఆయనే అడిగారు. ఆదివారాల్లో ఇప్పుడు చదువుతున్నారు. నెమ్మదిగా, కొన్ని మాటలు రెండుసార్లు పలుకుతూ చదువుతారు. సంఘం ఓపికగా వింటుంది. వేళాంగణిలో మాకు ఏం జరిగిందని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఇదే.

పిన్నిగారి మనవడి తలనీలాలు ఆ తర్వాత ఇచ్చాం. తలనీలాలు తీసే చోటు క్షేత్రం వారి ఏర్పాటులోనే ఉంది కాబట్టి అక్కడికే వెళ్లాలి, దారిలో పిలిచేవారి వెంట పోనక్కరలేదు. గుండు చేయించుకున్న పిల్లవాడి తలకు చందనం రాసి తీసుకువచ్చారు. అక్కడ వరుసలో ఉన్నవారిలో బొట్టు పెట్టుకున్నవారే ఎక్కువ. ఇది చూసి మనవాళ్లలో కొందరు నొసలు చిట్లిస్తారు. ఇది క్రైస్తవ ఆచారమేనా, రెండు మతాలను కలగాపులగం చేయడం కాదా అని అడుగుతారు. ఈ ప్రశ్నకు రోము నుంచే సమాధానం వచ్చింది. 2024 ఆగస్టు 1న వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం అధిపతి కార్డినల్ విక్టర్ మాన్యుయేల్ ఫెర్నాండెజ్, పోపు ఫ్రాన్సిస్ ఆమోదంతో తంజావూరు పీఠాధిపతికి (బిషప్పుకు) రాసిన లేఖలో వేళాంగణి భక్తిలోని ఆత్మీయ ఫలాలను కొనియాడారు. క్రైస్తవులు కాని యాత్రికులు కూడా అక్కడ మాత దగ్గర ఓదార్పు పొందుతున్నారని, దానిని మతాల కలగాపులగంగా చూడకూడదని అందులో స్పష్టం చేశారు. ఆ సంగతి నేను పిన్నిగారికి చెబితే ఆమె ఆశ్చర్యపోయారు. "తల్లి దగ్గరకు రావడానికి అంత పెద్దవాళ్ల ఉత్తరం కావాలా వదినా?" అని అమ్మను అడిగారు. అమ్మ "మాకు కావాలి గానీ, నీకెందుకు వదినా" అంది.

అలా చివరికి బసిలికా ముందుకు వచ్చాం. తెల్లని గోడలు, ఎత్తైన గోపురాలు, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి. మూడవ కథ ఈ గుడిది. మకావ్ నుంచి సింహళం వైపు వెళుతున్న పోర్చుగీసు ఓడ ఒకటి బంగాళాఖాతంలో తుపానుకు చిక్కిందట. ఓడవారు దేవమాతను వేడుకుని, ఎక్కడ ఒడ్డుకు చేరితే అక్కడ గుడి కడతామని మొక్కుకున్నారు. వారు ఈ తీరానికి చేరినది సెప్టెంబరు 8, మాత పుట్టినరోజు. పూరిపాక ఉన్నచోటనే వారు 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున చిన్న గుడి కట్టారని, తర్వాతి ప్రయాణాల్లో తెచ్చిన పింగాణీ పళ్లేలతో పీఠాన్ని (పూజ జరిపే బల్లను) అలంకరించారని చెబుతారు. బైబిలు దృశ్యాలు చిత్రించిన ఆ పళ్లేలు ఇప్పటికీ పీఠం దగ్గర ఉన్నాయి. వాటిని తప్పక చూడాలి. జనం మాత స్వరూపం మీదే చూపు నిలిపి, వాటిని గమనించకుండా వెళ్లిపోతారు.

1771లో వేళాంగణి ప్రత్యేక విచారణ (సొంత గురువు ఉన్న సంఘం) అయింది. గుడిని తరువాతి కాలంలో విస్తరిస్తూ వచ్చారు. వెనక వైపున 1970లలో కట్టిన రెండంతస్తుల భాగం చూస్తే ఫ్రాన్సులోని లూర్దు బసిలికా గుర్తుకు వస్తుంది. 1962 నవంబరు 3న పోపు 23వ జాన్ దీనికి బసిలికా హోదా ఇచ్చారు. గుణదలకు వెళ్లే మనకు లూర్దుమాత తెలుసు: తెల్లని వస్త్రం, నీలి నడికట్టు, ఒంటరిగా నిలబడిన రూపం. ఆరోగ్యమాత అలా కాదు. బాలయేసును చేత ఎత్తుకుని, బంగారు కిరీటంతో, చీర కట్టుకుని ఉంటుంది. భక్తులు సమర్పించిన చీరలు మార్చి మార్చి కడతారు. అమ్మ మంగళగిరి చీర ఒకటి తెచ్చింది. దాన్ని సిబ్బందికి అందజేసి, ఏ రోజు కడతారని అడగకుండా వచ్చేసింది.

వరుస సాఫీగానే కదిలింది. స్వరూపం ముందు ఆగనిచ్చేది కొద్ది క్షణాలు మాత్రమే, కనుక చెప్పుకోవలసినది ముందే చెప్పుకుని ఉండాలి. ఈ విషయంలోనే గురువుగారి సలహా విలువ తెలిసివచ్చింది. కొలను దగ్గర, ఇసుక బాట మీద, నడుతిట్టులో మేము అడగవలసినవన్నీ అడిగేశాం, ఏడవవలసినంతా ఏడ్చేశాం. పీఠం ముందుకు వచ్చేసరికి అమ్మ చేతులు జోడించి నవ్వింది, అంతే. మాకు ముందున్నవారు ఆ కొద్ది క్షణాల్లో అన్నీ చెప్పుకోవాలని తొందరపడుతుంటే, స్వచ్ఛంద సేవకులు ముందుకు జరగమంటుంటే, చూడటానికి బాధ కలిగింది.

కొవ్వొత్తుల గురించి ఒక మాట. బయట దుకాణాల్లో మనిషి ఎత్తున్నవి కూడా అమ్ముతారు. జబ్బు మనిషి శరీరానికి తాకించి మాత ముందు ఉంచుతారు. అవయవాల ఆకారంలో చేసిన లోహపు రేకులు, ఉయ్యాలలు, చిన్న ఇళ్లు, మొలకెత్తిన కొబ్బరి మొక్కలు కూడా కానుకలుగా ఇస్తారు. అమ్మేవారు వెంటబడి అడుగుతారు. అక్కరలేదని మర్యాదగా చెప్పి సాగిపోతే సరిపోతుంది. మేము మామూలు కొవ్వొత్తులే తీసుకున్నాం. మేలు పొందినవారు ఇచ్చిన కానుకలను భద్రపరిచిన ప్రదర్శనశాల బసిలికాకు దగ్గరలోనే ఉంది. వెండి కళ్లు, వెండి గుండెలు, కాళ్లు, చేతులు, బిడ్డల బొమ్మలు, వాటి పక్కన రాసి ఉంచిన లేఖలు కనిపిస్తాయి. ఆ లేఖల్లోని ఎన్నో లిపుల మధ్య తెలుగు అక్షరాలు కనిపించగానే నాన్నగారు ఆగి, కళ్లజోడు సవరించుకుని, ఆ ఉత్తరాన్ని చివరిదాకా చదివారు. బిడ్డ లేని దంపతులు రాసినది. అందులోని మాటలు ఇక్కడ రాయడం సబబు కాదు.

పండుగ రోజుల్లో తమిళంతో పాటు తెలుగు, మలయాళం, కొంకణి, హిందీ, ఆంగ్లం మొదలైన భాషల్లో దివ్యబలిపూజలు జరుగుతాయి. ఏ గుడిలో, ఎన్ని గంటలకు అన్నది అక్కడి బోర్డుల మీద రాసి పెడతారు, ముందురోజే చూసుకోవాలి. మన మేత్రాసనాల (పీఠాధిపతుల పరిధుల) నుంచి యాత్రికులతో వచ్చిన గురువులు పాపసంకీర్తనాలు (భక్తులు పాపాలు ఒప్పుకోవడం) కూడా తెలుగులోనే విన్నారు. పూజకు ముందు నేనూ పాపసంకీర్తనం చేసుకున్నాను. వేరే రాష్ట్రంలో, నేల మీద కూడా జనం కూర్చున్న పెద్ద గుడిలో, పరలోక జపం ఒక్కసారిగా తెలుగులో లేచినప్పుడు కలిగే ధైర్యం వేరు. శ్రీకాకుళం యాసా, కర్నూలు యాసా, తెలంగాణ యాసా ఒకే ప్రార్థనలో వినిపించాయి. హైదరాబాదు ఖైరతాబాదులోని వేళాంగణి మాత గుడికి ప్రతి ఏడూ వెళ్లే ఒక కుటుంబం మా పక్కన కూర్చుంది. అసలు క్షేత్రానికి రావడం తమకు ఇదే మొదటిసారి అని చెబుతూ, పూజ అంతసేపూ ఆ ఇంటి పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక సముద్రం వైపు వెళ్లాం. బసిలికా నుంచి తీరానికి వెళ్లే దారి పొడవునా దుకాణాలు, తిండి అంగళ్లు, జనం. 2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాటి ఆదివారం ఉదయం, ఈ తీరం మీదకే సునామీ వచ్చింది. పండుగకు వచ్చి ఇంకా తిరిగి వెళ్లని యాత్రికులు, దుకాణదారులు, స్నానానికి దిగినవారు వందలాదిగా చనిపోయారు. బసిలికాలో పూజలో ఉన్నవారు బతికారు, నీరు గుడి లోపలికి రాలేదు. దీనిని మహిమగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. నాకు ఆ మాట గట్టిగా పలకడానికి నోరు రాదు. గుడిలో ఉన్నవారిని కాపాడిన మాత, తన దగ్గరకే వచ్చి, స్నానం చేసి లోపలికి వద్దామనుకున్నవారిని విడిచిపెట్టిందని చెప్పినట్టవుతుంది. అది నేను నమ్మలేను. సిలువ కింద నిలబడి కొడుకు చనిపోవడం చూసిన తల్లి ఆ రోజు ఈ తీరం మీద ఏడ్చేవారితోనే ఉండి ఉంటుందని నమ్ముతాను. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిర్మించిన స్మారకం దగ్గర మేము దుఃఖ దేవరహస్యాలతో (యేసు శ్రమలను తలచుకుంటూ) జపమాల చెప్పాం. వేళాంగణికి వెళ్లే ప్రతివారూ అక్కడ కాసేపు ఆగి, ఆ ఆత్మలకు నిత్య విశ్రాంతి కోరాలని నా మనవి.

సముద్రస్నానం విషయంలో జాగ్రత్త చాలా అవసరం. అలల లాగుడు ఎక్కువగా ఉంటుంది, ఎర్రజెండాలు ఉన్నచోట దిగకూడదు. అమ్మ మోకాళ్ల గాయాలకు ఉప్పునీరు తగిలితే మంటపెడుతుందని నేను వారించినా, ఒడ్డున నిలబడి అల వచ్చేదాకా ఆగి తడుపుకుంది.

సాయంత్రం జపమాల, నవదిన ప్రార్థన, దివ్యసత్ప్రసాద ఆశీర్వాదం తర్వాత రథం ఊరేగింపు. పండుగకు ముందురోజు, సెప్టెంబరు 7 సాయంత్రం జరిగే పెద్ద ఊరేగింపుకు ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారు. తొలి రోజుల్లో అంత ఉండదు, పెద్దవారిని తీసుకువెళ్లేవారు ఆ రోజులనే ఎంచుకోవాలి. విద్యుద్దీపాలతో, పూలతో అలంకరించిన రథం దగ్గరకు రాగానే జనం మిరియాలు, ఉప్పు, పూలరేకులు చల్లుతారు. మూడుతరాలు భుజం భుజం కలిపి ఒకే వరుసలో నిలబడి పాడుతున్న కుటుంబాలను అక్కడ చూశాను. పిన్నిగారి మనవడు గుండు మీద చందనంతో నాన్నగారి మెడ పట్టుకుని, ఆయన ఎడమ చేతి మీద కూర్చుని చూశాడు. కుడిచేత్తో నాన్నగారు కర్ర పట్టుకున్నారు. ఎత్తుకోవద్దని నేను అంటే, "ఎడమచేతికి ఏమైంది?" అన్నారు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో పిన్నిగారి కోరిక మీద నాగూరు దర్గాకు కూడా వెళ్లాం. నాగపట్టణానికి ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరమే కాబట్టి వేళాంగణికి వచ్చినవారిలో ఎందరో అక్కడికీ వెళతారు. దర్గాలో ఆమె ఫాతిహా చదివించుకుంటుంటే అమ్మ బయట నాన్నగారితో పాటు కూర్చుని, ముందురోజు మోకాళ్లకు రాసిన మందు మళ్లీ రాసుకుంది. రైలెక్కాక కొలను నీటి సీసాలు లెక్క చూసి, ఎవరెవరికి ఇవ్వాలో పేర్లు రాయమని కాగితం నా చేతికిచ్చింది. జాబితాలో మొదటి పేరు నాన్నగారికి వ్యాయామం నేర్పిన కుర్రవాడిది, రెండవది ఎదురింట్లో మంచాన పడి ఉన్న ముసలాయనది. మూడవ పేరుగా, వచ్చే ఏడు తనతో పాటు వస్తానన్న చెల్లెలి పేరు రాయించింది.